ధరల పేరు, పన్నుల పోరు

2022 జూన్‌లో అమెరికాలో గ్యాలన్ పెట్రోలు సగటు ధర 5 డాలర్లు దాటింది. ఆ నెల వినియోగదారుల ధరల సూచీ ముందటి ఏడాదికంటే 9.1 శాతం ఎక్కువగా ఉంది. 1981 నవంబరు తర్వాత ఆ దేశం అంతటి పెరుగుదల చూడలేదు. నలభై ఏళ్లలోపు అమెరికన్లు ద్రవ్యోల్బణం గురించి పుస్తకాల్లో చదివి ఉంటారేమో గానీ, కిరాణా బిల్లులో దాన్ని చూడడం అదే మొదలు. ఉల్లిగడ్డ ధర పెరిగితే మన ప్రభుత్వాలు ఎలా కంగారు పడతాయో, పెట్రోలు బంకు బోర్డు మీద అంకె మారితే అక్కడి అధ్యక్షులు అలా కంగారు పడతారు. పైగా ఆ నవంబరులో మధ్యంతర ఎన్నికలు.

ఆగస్టు 16న అధ్యక్షుడు జో బైడెన్ ఒక చట్టం మీద సంతకం చేశారు. దాని పేరు ఇన్‌ఫ్లేషన్ రిడక్షన్ యాక్ట్, అంటే ద్రవ్యోల్బణ తగ్గింపు చట్టం. లోపల ఉన్నది వేరు: పెద్ద కంపెనీల మీద కొత్త కనీస పన్ను, సౌర, పవన విద్యుత్తుకూ ఎలక్ట్రిక్ కార్లకూ పన్ను రాయితీలు, వృద్ధుల మందుల ధరలపై కంపెనీలతో ప్రభుత్వం బేరమాడే అధికారం. కార్పొరేట్ పన్ను, వాతావరణ ఖర్చు, ధరలు మూడూ ఒకే కాగితం మీదికి ఎక్కాయి. ఆ కాగితం సెనేట్‌లో ఒక్క ఓటుతో గట్టెక్కింది, మూడేళ్లు నిండకుండానే సగం చిరిగిపోయింది. ఈ స్మారక ఉపన్యాసానికి దాన్ని ఎంచుకోవడానికి కారణం అదే. ధరల పేరుతో సాగిన ఆ రభస అంతా నిజానికి డబ్బు ఎవరు కట్టాలన్న తగాదా అనీ, ఆ సంగతి సూటిగా తేల్చుకోకపోవడం వల్లే వాతావరణ ఖర్చు నిలబడలేదనీ ఈ వక్త అభిప్రాయం.

కథ ఏడాది ముందు మొదలైంది. పిల్లల సంరక్షణ, బడికి ముందు చదువు, వైద్యం, వాతావరణం అన్నీ కలిపిన ‘బిల్డ్ బ్యాక్ బెటర్’ బిల్లును 2021 నవంబరు 19న ప్రతినిధుల సభ ఆమోదించింది. సెనేట్‌లోని వందమందిలో డెమొక్రాట్లు, వాళ్లతో నడిచే స్వతంత్రులు కలిపి సరిగ్గా యాభై మంది. అక్కడ మామూలు బిల్లు కదలాలంటే అరవై ఓట్లు కావాలి. బడ్జెట్‌కు సంబంధించిన బిల్లుకు మాత్రం ‘రికన్సిలియేషన్’ అనే అడ్డదారి ఉంది. ఆ దారిలో సగం ఓట్లు వచ్చి, ఉపాధ్యక్షురాలి ఓటు తోడైతే చాలు. అంటే యాభైమందిలో ఏ ఒక్కరు అలిగినా పని ఆగిపోతుంది.

అలిగినవాడు జో మాంచిన్. ఆయన గెలిచిన వెస్ట్ వర్జీనియా బొగ్గు రాష్ట్రం, మాంచిన్ కుటుంబానిదీ బొగ్గు వ్యాపారమే. 2010లో సెనేట్‌కు పోటీ చేసినప్పుడు ఆయన ఒక టీవీ ప్రకటన చేయించుకున్నారు. అందులో రైఫిల్‌లో తూటా పెట్టి, గురిచూసి, కర్బన ఉద్గారాలకు పరిమితి విధించే బిల్లు ప్రతిని కాల్చేస్తారు. వాతావరణ రాజకీయం ఆ రాష్ట్రంలో ఎలా నడుస్తుందో చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. 2021 డిసెంబరు 19న ఆయన ఫాక్స్ టీవీలో కూర్చుని తన ఓటు పడదని చెప్పేశారు. ఆయన చెప్పిన కారణాల్లో ధరల పెరుగుదల ముఖ్యమైనది.

2022 జులై 13న 9.1 అంకె బయటికొచ్చింది. మర్నాడే మాంచిన్ సెనేట్ నాయకుడు చక్ షూమర్‌తో వాతావరణ ఖర్చుకూ కొత్త పన్నులకూ తాను ఇప్పట్లో ఒప్పుకోనని తేల్చేశారు. బిల్లు పని అయిపోయిందని అందరూ అనుకున్నారు. రెండు వారాలకు, జులై 27న, సెమీకండక్టర్ల పరిశ్రమకు సాయం చేసే బిల్లు సెనేట్ దాటిన కొన్ని గంటలకే ఇద్దరూ కలిసి కొత్త బిల్లు ప్రకటించి రిపబ్లికన్లను బిత్తరపోయేలా చేశారు. వాతావరణ బిల్లును ముందుకు తెస్తే సెమీకండక్టర్ల బిల్లును ఆపేస్తానని రిపబ్లికన్ నాయకుడు మిచ్ మెకానెల్ అంతకు ముందే హెచ్చరించి ఉన్నారు. అందుకే ఆ సమయం. ఇక ఆ పేరు దేనికంటే, ఏడు నెలలుగా ధరలు ధరలు అంటున్న ఒక్క మనిషిని ఒప్పించడానికి.

పేరుకు కొంత ఆధారం లేకపోలేదు. షూమర్, మాంచిన్ల లెక్క ప్రకారం పదేళ్లలో 73,700 కోట్ల డాలర్ల రాబడి, 43,700 కోట్ల ఖర్చు. మిగిలిన 30,000 కోట్లు బడ్జెట్ లోటు తగ్గించడానికి. లోటు తగ్గితే గిరాకీ తగ్గుతుంది, గిరాకీ తగ్గితే ధరలు దిగుతాయన్నది పాఠ్యపుస్తకాల్లో ఉన్నదే. కానీ పదేళ్లకు 30,000 కోట్లంటే ఏడాదికి 3,000 కోట్లు. అమెరికా ఆర్థిక వ్యవస్థ అప్పటికి దాదాపు 25 లక్షల కోట్ల డాలర్లది. వెయ్యి డాలర్లలో ఒక డాలరు, పైన కొన్ని సెంట్లు. 9.1 శాతం ద్రవ్యోల్బణాన్ని దించడానికి ఇది ఏ మూలకు?

కాంగ్రెషనల్ బడ్జెట్ ఆఫీసు ఇదే మాట అధికారిక భాషలో చెప్పింది. 2023లో చట్టం ప్రభావం 0.1 శాతం పాయింటు తగ్గుదలకూ 0.1 శాతం పాయింటు పెరుగుదలకూ మధ్య ఎక్కడో ఉంటుందని ఆగస్టు 4న లెక్క ఇచ్చింది. పెన్ వార్టన్ బడ్జెట్ మోడల్ అనే విశ్వవిద్యాలయ అధ్యయన బృందం కూడా ప్రభావం సున్నాకు వేరుగా కనబడదనే అంది. వామపక్షవాది బెర్నీ సాండర్స్ సెనేట్‌లో లేచి, ధరల మీద ఈ బిల్లు ప్రభావం అంతంత మాత్రమేనని చెప్పి, ఓటు మాత్రం అనుకూలంగానే వేశారు. అటు రిపబ్లికన్లు, 2022 మొదటి రెండు త్రైమాసికాల్లో ఆర్థిక వ్యవస్థ కుదించుకుపోయిందన్న అంకెలు పట్టుకుని, మాంద్యంలో పన్నులు పెంచుతారా అని నిలదీశారు. రెండు పక్షాలూ పాక్షికంగా సరైనవే, పాక్షికంగా డాంబికమే. 2021 ఫిబ్రవరిలో కరోనా సాయం 1.9 లక్షల కోట్ల డాలర్లు మోతాదు మించుతోందని హెచ్చరించిన డెమొక్రాట్ ఆర్థికవేత్త లారీ సమర్స్, ఈ బిల్లు ధరలు పెంచదని మాంచిన్‌కు నచ్చజెప్పిన వాళ్లలో ఉన్నారు. ఆయన రెండుసార్లూ సరిగ్గానే చెప్పారని ఈ వక్త నమ్మకం.

ధరలు దిగాయి. 2023 జూన్‌కు ద్రవ్యోల్బణం 3 శాతం. ఆ పని చేసింది ప్రధానంగా వాళ్ల కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్, సర్దుకున్న సరఫరా గొలుసులు. 2022 మార్చి దాకా సున్నా దగ్గరున్న వడ్డీ రేటును 2023 జులైకల్లా 5.25–5.50 శాతానికి తీసుకెళ్లారు. అదే ఏడాది ఆగస్టులో యూటాలో విరాళాల సభలో మాట్లాడుతూ బైడెన్, ఆ పేరు పెట్టకుండా ఉండాల్సిందని ఒప్పుకున్నారు.

పన్ను సంగతికి వద్దాం. అసలు ఆసక్తికరమైన భాగం ఇదే.

ప్రతి పెద్ద కంపెనీకీ రెండు లెక్కలు ఉంటాయి. దొంగలెక్కలు కావవి, రెండూ చట్టబద్ధమైనవే. ఒకటి వాటాదారులకు చూపేది, రెండోది పన్ను శాఖకు చూపేది. ఈ ఉపన్యాసం ఎవరి స్మృతిలో జరుగుతున్నదో ఆ కామర్స్ మాస్టారు శిష్యులు ఈ సభలో ఉన్నారు, వాళ్లకిది కొత్త కాదు. ఒక కంపెనీ పదేళ్లు నడిచే యంత్రం 100 కోట్లకు కొన్నదనుకోండి. వాటాదారుల లెక్కలో ఏడాదికి 10 కోట్ల తరుగుదల రాస్తుంది. తరుగుదలకు ముందు లాభం 100 కోట్లయితే, 90 కోట్లు మిగిలాయని వార్షిక నివేదికలో గొప్పగా అచ్చువేస్తుంది. అమెరికా 2017 పన్ను చట్టం మాత్రం యంత్రం ఖరీదంతా మొదటి ఏడాదే తీసేసుకోనిచ్చింది. పన్ను లెక్కలో లాభం సున్నా. ఒకే కంపెనీ, ఒకే ఏడాది, ఒక లెక్కలో 90, ఇంకో లెక్కలో సున్నా. తరుగుదలే కాదు, పరిశోధన రాయితీలు, ఉద్యోగులకిచ్చే షేర్ల మీద మినహాయింపులు కూడా ఇలాంటి తేడాలు తెస్తాయి. 2018లో 1,100 కోట్ల డాలర్లకు పైగా లాభం చూపిన అమెజాన్ ఆ ఏడాది ఫెడరల్ ఆదాయపు పన్ను ఏమీ కట్టలేదని ఒక పన్నుల అధ్యయన సంస్థ లెక్క తేల్చినప్పుడు, దేశమంతా అవాక్కయింది ఇందుకే.

2017 చట్టం కార్పొరేట్ పన్నును 35 నుంచి 21 శాతానికి దించింది. దాన్ని 28కి పెంచాలని బైడెన్ ఆశ. అరిజోనా సెనేటర్ కిర్స్టెన్ సినెమా రేటు పెంపు కుదరదన్నారు. అందుకని చుట్టుతిరుగుడు మార్గం దొరికింది: వాటాదారులకు 100 కోట్ల డాలర్లకు మించి సగటు వార్షిక లాభం చూపే కంపెనీలు, ఆ చూపిన లాభం మీదే కనీసం 15 శాతం కట్టాలి. ఇన్వెస్టర్ల ముందు మీసం మెలేసే లాభాన్నే పన్ను శాఖ ముందూ ఒప్పుకోమనడం. ట్రెజరీ శాఖ అంచనాలో ఈ వలలో పడేవి ఏటా దాదాపు వంద కంపెనీలే.

మనకు ఈ ఉపాయం పాతదే. వి.పి. సింగ్‌ను రక్షణ శాఖకు మార్చి ఆర్థిక శాఖను తన దగ్గరే పెట్టుకున్న రాజీవ్ గాంధీ, 1987–88 బడ్జెట్‌లో ‘జీరో టాక్స్ కంపెనీల’ మీద పుస్తక లాభం ఆధారంగా కనీస పన్ను తెచ్చారు. ఇవాళ మన చార్టర్డ్ అకౌంటెంట్లు మ్యాట్ అని పిలిచే పన్నుకు పూర్వరూపం అదే. విశేషమేమిటంటే, రేగన్ కాలంలో వచ్చిన 1986 పన్ను సంస్కరణ కూడా పుస్తక లాభాన్ని కనీస పన్ను లెక్కలోకి తెచ్చింది. 1987 నుంచి 1989 దాకా నడిపి అక్కడ వదిలేశారు, ఇక్కడ మనం మధ్యలో కొన్నేళ్లు ఆపినా, మళ్లీ తెచ్చి ఎన్నో మార్పులతో కొనసాగించాం. ఢిల్లీలో అంతకు ముప్పై అయిదేళ్ల ముందే మొదలైనదాన్ని వాషింగ్టన్‌లో 2022లో అదేదో సోషలిజం అన్నట్టు మాట్లాడారు.

సెనేటర్ సినెమా ఓటు కోసం జరిగిన చివరి బేరం చూడదగ్గది. ప్రైవేట్ ఈక్విటీ మేనేజర్ల ఆదాయానికి దక్కే పన్ను వెసులుబాటును మూసేస్తామన్న సెక్షన్‌ను ఎత్తేశారు. దాని విలువ పదేళ్లకు 1,400 కోట్ల డాలర్లే గానీ, లాబీయింగ్ మాత్రం జోరుగా సాగింది. తరుగుదలకు కనీస పన్ను లెక్కలో మినహాయింపు ఇచ్చారు. అంటే ఇందాకటి యంత్రం ఉదాహరణే చట్టం చేతినుంచి జారిపోయింది. ఇలాంటి మినహాయింపులన్నిటితో 31,300 కోట్లు రావాల్సిన పన్ను 22,200 కోట్లకు పడిపోయింది. ఆ కన్నం పూడ్చడానికి కంపెనీలు సొంత షేర్లు తిరిగి కొనుక్కుంటే 1 శాతం సుంకం వేశారు, దానివల్ల 7,400 కోట్ల రాబడి. షేర్ల బైబ్యాక్ మీద మనదేశం లిస్టెడ్ కంపెనీలకు 2019లో వేసిన పన్ను 20 శాతం. పోలిస్తే అమెరికాది గిల్లినట్టు కూడా కాదు.

రిపబ్లికన్లు రెండు అస్త్రాలు తీశారు. ఒకటి నిజాయితీ ఉన్నది. కార్పొరేట్ పన్నులో కొంత భాగం చివరికి జీతాల రూపంలో ఉద్యోగుల మీద, రాబడి రూపంలో పింఛను నిధుల మీద పడుతుందని ఆర్థికవేత్తలు చాలావరకు ఒప్పుకుంటారు. ఆ పద్ధతిలోనే లెక్కకట్టి, ఏడాదికి 2 లక్షల డాలర్లలోపు ఆదాయం ఉన్నవాళ్ల మీద 2023లో 1,670 కోట్ల డాలర్ల భారం పడుతుందని అమెరికా కాంగ్రెస్‌ పన్నుల సంయుక్త కమిటీ పట్టిక వేసింది. మందుల ధరలు, రాయితీల వల్ల వాళ్లకు కలిగే లాభం ఆ పట్టికలో లేదన్నది డెమొక్రాట్ల జవాబు. ఈ వాదన మీద నాలుగు రోజులు గట్టిగా చర్చ జరిగి ఉంటే దేశానికి మేలు జరిగేది. రెండో అస్త్రం ప్రచారానిది: పన్ను శాఖలో 87,000 మంది ఏజెంట్లు దిగుతున్నారు, మీ ఇంటికొస్తారు అని. ఆ అంకె 2021 నాటి ట్రెజరీ పత్రంలోది. పదేళ్లలో జరిపే మొత్తం నియామకాలు, ఫోన్లెత్తే గుమస్తాల నుంచి కంప్యూటర్ సిబ్బంది దాకా, రిటైరయ్యేవాళ్ల స్థానాలతో సహా. అయినా టీవీల్లో రెండోదే నడిచింది. 2023 జనవరిలో ప్రతినిధుల సభ రిపబ్లికన్ల చేతికి రాగానే ఆమోదించిన మొదటి బిల్లు ఆ పన్ను శాఖ నిధుల కోతే.

ఆగస్టు 7న సెనేట్‌లో 50–50. కమలా హారిస్ ఓటుతో 51. రాత్రంతా సాగిన సవరణల ఓటింగులో ప్రైవేటు బీమా ఉన్నవాళ్లకూ ఇన్సులిన్‌ను నెలకు 35 డాలర్లకు పరిమితం చేయాలన్న నిబంధన 57 ఓట్లు వచ్చి కూడా వీగిపోయింది. అది బడ్జెట్ అడ్డదారిలోకి రాదని తేలడంతో అరవై కావాల్సి వచ్చింది మరి. ప్రభుత్వ బీమా మెడికేర్‌లో ఉన్న వృద్ధులకు మాత్రం ఆ 35 డాలర్ల పరిమితి దక్కింది.

ఇక వాతావరణం. 36,900 కోట్ల డాలర్లని చెప్పిన ఆ ఖర్చులో పెద్దభాగం ప్రభుత్వం చేతితో పెట్టే ఖర్చు కాదు, పన్ను రాయితీ. బొగ్గు, చమురు మీద పన్ను వేసి వాడకం తగ్గించే మార్గం ఆర్థికశాస్త్రం మొదట చెప్పేది. 2009లో ఉద్గారాల పరిమితి బిల్లు ప్రతినిధుల సభలో నెగ్గి సెనేట్ గుమ్మంలో చచ్చిపోయాక ఆ మార్గం మూసుకుపోయింది. మాంచిన్ తూటా పేల్చింది ఆ విధానం మీదే. కాబట్టి ఈసారి దండన దాదాపు లేదు, అంతా నజరానాయే. సోలార్ ప్లాంటు పెడితే పెట్టుబడిలో 30 శాతం, అమెరికాలో బ్యాటరీ సెల్ తయారుచేస్తే కిలోవాట్ అవర్‌కు 35 డాలర్లు, ఉత్తర అమెరికాలో బిగించిన ఎలక్ట్రిక్ కారు కొంటే 7,500 డాలర్ల దాకా. చమురు, గ్యాస్ బావుల నుంచి లీకయ్యే మీథేన్ మీద టన్నుకు 900 డాలర్లతో మొదలయ్యే రుసుము ఒక్కటే కాస్త చురుక్కుమనేది. అదే చట్టంలో సముద్రంలో చమురు లీజుల వేలం మళ్లీ తెరిచారు.

రాయితీలకు గరిష్ఠ పరిమితి లేదు. ఎంతమంది పెట్టుబడి పెడితే అంత. అందుకే ఈ ఖర్చు మీద గోల్డ్‌మాన్ శాక్స్ బ్యాంకు అంచనా 2023లో 1.2 లక్షల కోట్ల డాలర్లకు చేరింది. పథకం బాగా పనిచేసే కొద్దీ ఖర్చు పెరుగుతుంది, ఖర్చు పెరిగే కొద్దీ శత్రువు చేతికి అంకె దొరుకుతుంది.

జార్జియా రాష్ట్రంలో డాల్టన్ అనే ఊరుంది, తివాచీల తయారీకి ప్రపంచ రాజధానిగా చెప్పుకునే ఊరు. 2023 జనవరిలో కొరియా కంపెనీ హన్వా క్యూసెల్స్ అక్కడ ఉన్న సౌర ఫలకాల ఫ్యాక్టరీ విస్తరణకూ, అదే రాష్ట్రంలోని కార్టర్స్‌విల్‌లో కొత్త ఫ్యాక్టరీకీ కలిపి 250 కోట్ల డాలర్లు ప్రకటించింది. డాల్టన్ ఆనాడు ట్రంప్ వీరాభిమాని మార్జరీ టేలర్ గ్రీన్ నియోజకవర్గం. ఈ చట్టానికి ఒక్క రిపబ్లికన్ కూడా ఓటెయ్యలేదు, పెట్టుబడుల్లో సింహభాగం మాత్రం వాళ్ల నియోజకవర్గాలకే వెళ్లింది. ఫ్యాక్టరీ వస్తే ఓటు దానంతటదే వస్తుందని డెమొక్రాట్లు లెక్కేసుకున్నారు. ఫ్యాక్టరీ కట్టడానికి మూడేళ్లు పడుతుంది, ఎన్నికలు రెండేళ్లకే వస్తాయి. 2023 సర్వేల్లో చాలామంది అమెరికన్లు ఈ చట్టం గురించి అంతగా విననే లేదన్నారు. విన్నవాళ్లు దాన్ని ధరల అంకెతోనే బేరీజు వేశారు. ధరల చట్టం వచ్చినా గుడ్లు ఇంకా ప్రియంగానే ఉన్నాయి కదా అని.

2024 ఆగస్టులో న్యూయార్క్ ప్రతినిధి ఆండ్రూ గార్బరినో చొరవతో పద్దెనిమిది మంది రిపబ్లికన్లు ఈ రాయితీలను మొత్తంగా రద్దు చేయవద్దని స్పీకర్‌కు లేఖ రాశారు. 2025 జులై 1న, ఆ రాయితీల్లో చాలావాటిని ఎత్తేసే రిపబ్లికన్ల పన్నుల బిల్లుకు సెనేట్‌లో మళ్లీ 50–50. మన పత్రికలు ఆంధ్రా అల్లుడని మురిసిపోయిన ఉపాధ్యక్షుడు జేడీ వాన్స్ ఓటుతో 51. జులై 3న ప్రతినిధుల సభ ఆమోదం, గార్బరినో కూడా అనుకూలంగానే వేశారు. నాలుగున ట్రంప్ సంతకం. ఎలక్ట్రిక్ కారు రాయితీ సెప్టెంబరు 30తో ముగిసింది. దానికి ముందు నెలల్లో డాలస్, అట్లాంటా, న్యూజెర్సీ షోరూముల్లో రద్దీ ఎక్కువైంది, అక్కడి తెలుగు కుటుంబాలకు ఆ హడావుడి బాగా గుర్తుండే ఉంటుంది. ఇంటి మీద సోలార్ రాయితీ డిసెంబరు 31తో పోయింది. రాయితీ దక్కాలంటే సౌర, పవన ప్లాంట్ల నిర్మాణం 2026 జులై 4లోగా మొదలుపెట్టాలనీ, లేదంటే 2027 చివరికి పూర్తి చేయాలనీ గడువు పెట్టారు.

ఏది మిగిలింది? 15 శాతం కనీస పన్ను మిగిలింది, చమురు బావుల తవ్వకం ఖర్చుకు కొత్త మినహాయింపుతో. బైబ్యాక్ సుంకం మిగిలింది. మందుల బేరం మిగిలింది. ఎక్కువ తిట్లు తిన్న పన్నులు బతికి, ఎలక్ట్రిక్ కార్ల, సౌర, పవన విద్యుత్తు రాయితీలు చాలావరకు పోయాయి. ఇందులో వింత లేదు, రికన్సిలియేషన్ గణితం అంతే. పన్ను రద్దు చేస్తే ఖజానాకు అంత చిల్లు. రాయితీ రద్దు చేస్తే ఖజానాకు అంత రాబడి. పదేళ్లలో లోటును 3.4 లక్షల కోట్ల డాలర్లు పెంచే బిల్లుకు డబ్బు వెతుక్కుంటున్న పార్టీకి, ప్రత్యర్థి పెట్టిన రాయితీలకంటే తేలిగ్గా దొరికే సంచీ ఏముంటుంది? వాతావరణ విధానం మొత్తాన్ని పన్ను రాయితీల మీద కట్టడమే డెమొక్రాట్ల ప్రధాన తప్పు. పేరు చిన్న తప్పు.

మన అనుభవం దీనికి తలకిందులు. 2010 బడ్జెట్‌లో ప్రణబ్ ముఖర్జీ బొగ్గు మీద టన్నుకు 50 రూపాయల స్వచ్ఛ ఇంధన సెస్సు వేశారు. అది 100, 200 అవుతూ 2016కు 400 అయింది. కొత్తగూడెంలోనో, రామగుండంలోనో లోడయిన ప్రతి టన్నుకూ కట్టారు, మన థర్మల్ కేంద్రాల ద్వారా కరెంటు బిల్లుల్లో అది మనందరి నెత్తికీ చేరింది. అమెరికా చేయలేకపోయిన కర్బన పన్నును మనం పెద్దగా రభస లేకుండానే వేసేశాం. అయితే 2017 జులైలో జీఎస్టీ రాగానే ఆ 400 రూపాయలు రాష్ట్రాలకిచ్చే పరిహార సెస్సులో కలిసిపోయాయి. వసూలు ఆగలేదు, స్వచ్ఛ ఇంధనం ఊసు ఆగిపోయింది. 2025 సెప్టెంబరులో సెస్సు తీసేసి బొగ్గు మీద జీఎస్టీని 5 నుంచి 18 శాతానికి పెంచారు. అక్కడ రాయితీ పోయింది, ఇక్కడ పన్ను ఉండి దాని ఉద్దేశం పోయింది. ఏ పార్లమెంటు సభ్యుడైనా దీని మీద ఒక పూట సభను స్తంభింపజేసిన దాఖలా లేదు.

ఈ సభలో ఉన్న విద్యార్థులకు ఒక విన్నపం. కేంద్ర బడ్జెట్ వచ్చిన రోజు టీవీ చర్చలు చూడండి, తప్పులేదు. కానీ దాంతోపాటు అచ్చయ్యే రిసీట్ బడ్జెట్‌లో, పన్ను రాయితీల వల్ల ఖజానా వదులుకున్న రాబడి చెప్పే అనుబంధం ఒకటుంటుంది. 2006 నుంచి ఇస్తున్నారు, ఆర్థిక శాఖ వెబ్‌సైట్లో ఉచితంగా దొరుకుతుంది. కంపెనీలు కాగితం మీది రేటులో నిజంగా ఎంత కడుతున్నాయో, ఏ రాయితీ ఎవరికి ఎంత మిగిల్చిందో అందులో ఉంటుంది. ముందు ఆ పేజీలు చదవండి, ఆ తర్వాత చర్చకు దిగండి.